రొమ్ము పరీక్షలు, బీమా షరతులు

2022వ సంవత్సరమున మన దేశములో రొమ్ము క్యాన్సరు క్రొత్తగా బయటపడిన స్త్రీలు రమారమి 1,92,000 మందియనియు, ఆ యేడే దానికి బలియైనవారు 98,000 మందియనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి అంచనా. రాచపుండని మన పూర్వులు వణకిన వ్యాధియే యైనను, మొదటి దశలో కనుగొనినచో నేడు తఱచుగా కుదుర్పవచ్చును. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 30-49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారియైనను రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 0.9 వంతు మాత్రమే. ఈ దోషమును స్త్రీల అజ్ఞానముమీదను, సిగ్గుమీదను నెట్టివేయుట మన సభలలో పరిపాటియైనది. పరీక్షకు బయలుదేరిన స్త్రీకి ఎదురగు షరతులను చదివినవారు అట్లనజాలరు.

పాలసీ పత్రములను కడవరకు చదువుట మాకు వృత్తిధర్మము. సామాన్యమైన ఆరోగ్య బీమా ఆస్పత్రిలో కనీసము 24 గంటలు పడకపై నున్నవారికి, లేదా జాబితాలో చేర్చిన దినచికిత్సలకు సొమ్మిచ్చును. మామోగ్రాము తీయుటకు అరగంటయైనను పట్టదు. పడకతో పని లేదు, కావున సొమ్మును లేదు. ఒక రాత్రి ఆస్పత్రిలో చేర్చిన నేమందురా? ఆ దారియు మూసియే యున్నది. బీమా నియంత్రణాధికార సంస్థ 2019లో కంపెనీలన్నిటికిని ఒకే రీతిగా నిర్ణయించిన మినహాయింపులలో నాల్గవది, కేవలము రోగనిర్ణయ పరీక్షలకై చేరినవారి ఖర్చును త్రోసివైచుచున్నది. కొన్ని పాలసీలలో వార్షిక పరీక్ష యను ఆకర్షణ కలదు. అందు మామోగ్రాము ఉన్నదో, రక్తములో చక్కెరను చూచి పంపివేయుదురో, చిన్న అక్షరములలోని జాబితా చదివినగాని తెలియదు.

ఇంతకంటె వింతయైన షరతు మఱియొకటి గలదు. పాలసీ పుచ్చుకొనుటకు ముందు మూడేండ్లలో డాక్టరు కనుగొనిన రోగము పూర్వవ్యాధి యనబడును. దానికి 36 నెలలవరకు కంపెనీ సొమ్మీయకుండవచ్చును. 2024కు పూర్వము ఈ గడువు 48 నెలలు! పాలసీ లేని స్త్రీ జాగ్రత్తపడి పరీక్ష చేయించుకొని గడ్డను ముందే కనుగొనెనా, ఆ జాగ్రత్తయే ఆమెకు శిక్ష యగును. ఆమెకు పాలసీయే దొరకకపోవచ్చును. దొరికినను మూడేండ్లు వేచియుండవలెను. గడ్డ వేచియుండునా?

సర్కారు పథకముల త్రోవ వేఱు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పుట్టిన ఆరోగ్యశ్రీయు, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారతును బీదలకు ఆస్పత్రి తలుపులు తెరచినవి. అందు పూర్వవ్యాధి యను సాకు లేదు. 30 ఏండ్లు దాటిన స్త్రీలకు గ్రామ ఆరోగ్య కేంద్రములలో చేతితో రొమ్ము పరీక్ష చేయు ఏర్పాటును గలదు. చేతి పరీక్షయే గదా యని చులకన చేయరాదు. బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రివారు 1998 మొదలు 1,51,538 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడెను. శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించినందున, 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు నూటికి దాదాపు 30 వంతులు తగ్గినవి. చిన్నవయస్కులలో అట్టి మేలు కనబడలేదు.

అయితే చేతికి గడ్డ తగిలిన మఱునాటి మాట యేమి? మామోగ్రాము, అల్ట్రాసౌండు, సూదితో ముక్క తీసి చూచుట, ఇవి జరుగవలెను. ఆయుష్మాన్ భారతు ఆస్పత్రిలో చేరుటకు ముందు మూడు దినముల ఖర్చునే లెక్కించును. ఈ పరీక్షలు మూడు దినములలో ముగియునని తలంచినవారు జిల్లా ఆస్పత్రి వరుసలో నిలిచినవారు కారు. అచ్చట యంత్రమును, దానిని నడుపువారును, చిత్రము చదువు డాక్టరును ఉన్నచో పని ఉచితముగనే జరుగును. మూటిలో ఒకటి కొఱవడినను ప్రైవేటు కేంద్రమునకు పోవలెను. ఇంటిల్లిపాది అవసరములు తీర్చిన పిదపగాని తన సంగతి తలపెట్టని ఇల్లాలు, నొప్పియైనను లేని గడ్డకై వేల రూపాయ లడుగునా? వచ్చేనెల యనును. ఆ వచ్చేనెలలు కూడియే రోగము ముదురుచున్నది.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. అమెరికాలో 2010 నాటి శాసనము చాల పాలసీలలో మామోగ్రామును ఉచితము గావించెను. కాని అనుమానము గలిగి మఱల చిత్రము తీసినచో బిల్లు వచ్చుచుండుట అచ్చటి తెలుగు కుటుంబములు ఎఱిగినదే. 2024 డిసెంబరున ఆ నియమమును సవరించి, ఆపై పరీక్షలను సైతము 2026 మొదలు ఆరంభమగు పాలసీలలో చేర్చిరి. పదునాలుగేండ్లకు తెలిసివచ్చినదానిని మనము మొదటనే గ్రహింపరాదా?

రోగి మొదట వచ్చిన దినమునుండి 60 దినములలో రోగనిర్ణయము ముగియవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుఱి పెట్టినది. ఆరోగ్య కేంద్రమున గడ్డ తగిలిన దినమునే చికిత్సారంభముగా ఎంచి, ఆనాటినుండి జరుగు పరీక్షల ఖర్చును సర్కారు పథకములలో చేర్చవలెను. డాక్టరు అనుమానించి వ్రాసి యిచ్చిన రొమ్ము పరీక్షలకు నాల్గవ మినహాయింపును, 24 గంటల నిబంధనను కంపెనీలు చూపకుండ నియంత్రణాధికార సంస్థ ఉత్తరువు చేయవలెను. ఇందులకు క్రొత్త శాసనముతో పనిలేదు.

అంతవరకు పాఠకులు తమ యింటి స్త్రీలను ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోవుదురు గాక. పై ఆస్పత్రికి పొమ్మని చెప్పినచో నోటిమాటతో తిరిగి రాక, చీటీ వ్రాయించుకొని దానిపై తేదీ వేయించుకొనుడు. 60 దినములు ఆ తేదీనుండియే లెక్క.