వండి పెట్టిన చేతికి పథ్యం పెట్టేదెవరు?

జ్వరం వచ్చి, నోరు చేదెక్కి, అన్నం చూస్తేనే వికారం పుట్టే రోజున మనకు మొదట గుర్తుకు వచ్చేది ఏమిటి? విందు భోజనం కాదు, మిఠాయి కాదు. వేడి అన్నంలో మెత్తగా కలిపిన మిరియాల చారు. కొందరికి అది పెసరకట్టు, మరికొందరికి నేతిలో వేయించిన వాము కలిపిన అన్నం, ఇంకొందరికి ఉప్పు వేసిన గంజి. పదార్థం ఏదైనా, దాని వెనుక ఒక చేయి ఉంటుంది. అది తల్లి చేయి కావచ్చు, అమ్మమ్మ చేయి కావచ్చు, నాయనమ్మ చేయి కావచ్చు. ఆ చేతి వంటను పొగడని తెలుగువారు లేరు. కాని ఆ చేయే మంచం పట్టిన రోజున దానికి చారు కాచి పెట్టేదెవరు అన్న ప్రశ్న మాత్రం మనం సాధారణంగా వేసుకోము. ఆ ప్రశ్ననే పాఠకుల ముందు ఉంచదలచినాను.

నా అనుభవమే చెబుతాను. కొన్ని సంవత్సరాల క్రిందట, ఒక వర్షాకాలంలో మా అమ్మకు జ్వరం వచ్చినది. అప్పటికి ఆమెకు 74 ఏళ్లు. నా భార్య మా అమ్మాయి పురిటికని వెళ్లి ఊరిలో లేదు. ఇంట్లో నేను, నా తమ్ముడు, ఎదిగిన నా ఇద్దరు కొడుకులు. నలుగురమూ చదువుకున్నవాళ్లమే. వైద్యుడు పరీక్షించి, మందులు వ్రాసి, తేలికగా అరిగే ఆహారం పెట్టమన్నారు. "ఏం తింటావమ్మా?" అని అడిగితే, "కాస్త మిరియాల చారు పోసి అన్నం మెత్తగా కలిపి పెట్టు నాయనా, అదే చాలు" అన్నది.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ చారు త్రాగి పెరిగినవాళ్లమే గాని, అందులో చింతపండు ఎంత పడుతుందో, మిరియాలు ఎప్పుడు వేస్తారో ఒక్కరికీ తెలియదు. చివరకు హోటలు నుండి తెప్పించాము. అది ఎండుమిరపకాయల ఘాటుతో, పైన నూనె తేలుతూ ఉన్నది. అమ్మ రెండు ముద్దలు తిని, "బాగానే ఉంది నాయనా, నాకే ఆకలి లేదు" అని కంచం ప్రక్కకు జరిపినది. తప్పు మాది. నెపం తన ఆకలి మీద వేసుకున్నది.

ఆ సాయంత్రం మేము పిన్నిగారని పిలుచుకునే ప్రక్కింటి ఆవిడ మూత పెట్టిన గిన్నెతో చారు తెచ్చారు. అమ్మ కలిపి పెట్టిన అన్నమంతా తిన్నది. పిన్నిగారు వెళుతూ నాతో, "మా ఇంట్లో ఎవరు పడకేసినా గోడ మీదుగా మొదట వచ్చేది మీ అమ్మ చారే. మీలో ఒక్కరికైనా అది పెట్టడం రాదా?" అన్నారు. అది ఎత్తిపొడుపు కాదు, ఆశ్చర్యంతో అడిగిన మాట. అయినా ఆ మాట ఈనాటికీ నా మనసులో ముల్లులా ఉన్నది.

ఆహారాన్ని ఔషధంతో సమానంగా చూసిన వైద్యం మన ఆయుర్వేదం. చరక సంహితలోని విమాన స్థానంలో ఆహారం విషయమై ఆలోచించవలసిన ఎనిమిది అంశాలు చెప్పబడినవి. పదార్థ స్వభావం, దానిని వండే విధానం, దేనితో కలుపుతున్నాము, ఎంత తింటున్నాము, ఏ ప్రదేశంలో, ఏ కాలంలో, ఏ నియమంతో, చివరకు తినేవారు ఎవరు అన్నవి ఆ ఎనిమిది. ఈ చివరి అంశాన్ని గమనించండి. హోటలులో వంటమనిషి వందమందికి ఒకే చారు కాస్తాడు. అందులో ఎవరి కడుపు గురించీ ఆలోచన ఉండదు, ఉండుట సాధ్యమూ కాదు. ఇంటి మనిషికి మాత్రం ఎవరికి పులుపు పడదో, ఎవరికి నేయి తగ్గించాలో, ఎవరు నిన్న రాత్రి నిద్రపోలేదో తెలుస్తుంది.

అదే గ్రంథం మరొక గొప్ప విషయం చెప్పినది. చింత, శోకం, భయం, కోపం, దుఃఖం, నిద్రలేమి ఉన్నవారికి పథ్యమైన అన్నం మితంగా తిన్నా సరిగా జీర్ణం కాదట. అంటే గిన్నెలో ఉన్నది మాత్రమే పథ్యం కాదు. రోగి మనసు కుదుటపడటం కూడా పథ్యంలో భాగమే. తనవారు తన కొరకు పొయ్యి దగ్గర నిలబడినారన్న తృప్తి ఆ మనసుకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. జీవితమంతా ఆ తృప్తిని ఇతరులకు పంచిన స్త్రీకి, తన వంతు వచ్చినప్పుడు దక్కేది తరచు హోటలు పొట్లమే. ఇది న్యాయమా?

2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపినది. వేతనం లేని ఇంటి పనులు చేసినవారిలో స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనులకు వెచ్చిస్తున్నట్లు అందులో తేలినది. అసలు ఆ పనులలో చేయి పెట్టే పురుషులే నలుగురిలో ఒకరు. వంటింటి జ్ఞానం ఒక్క మనిషి దగ్గరే నిలిచిపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది. ఆ ఒక్క మనిషి పడకేస్తే ఆ జ్ఞానమూ పడకేస్తుంది.

"ఇప్పుడు అన్నీ పొడుల రూపంలో దొరుకుతున్నవి కదా, ఫోను చేస్తే అరగంటలో ఇంటికి వస్తున్నవి కదా" అని కొందరు అనవచ్చు. నిజమే. తప్పనిసరి అయినప్పుడు వాటిని వాడుకొనుటలో దోషం లేదు. కాని ఉప్పు, కారం, నూనె మన అదుపులో లేని ఆహారం రోగికి పథ్యం కాజాలదు. పైగా, చారు పెట్టడం చేతకాక కొనడం వేరు, తీరిక లేక కొనడం వేరు. మా ఇంట జరిగినది మొదటిది.

అమ్మ కోలుకున్న తరువాత ఆమెను ప్రక్కన కుర్చీలో కూర్చోబెట్టుకొని చారు నేర్చుకున్నాను. నలుగురికి సరిపడే చారుకు చిన్న నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి, గుజ్జు తీసి, సుమారు లీటరు నీరు కలపాలి. ఉప్పు, చిటికెడు పసుపు, రెండు రెబ్బల కరివేపాకు వేసి పచ్చి వాసన పోయేవరకు మరగనివ్వాలి. ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి చివరలో వేసి, ఒక పొంగు రాగానే దించాలి. పొడి వేసిన తరువాత ఎక్కువసేపు మరిగిస్తే సువాసన పోతుంది. నేతిలో ఆవాలు, ఇంగువతో పోపు పెట్టి మూత వేయాలి. రోగికైతే మిరియాలు సగానికి తగ్గించాలి. ఎండుమిరపకాయ అసలే వద్దు. మొదటి రోజు అమ్మ రుచి చూసి, "పులుపెక్కువైంది. రేపు చింతపండు తగ్గించు" అన్నది. రేపు కూడా నా చేతి చారు త్రాగుతుందని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

శొంఠి, పిప్పలి, మిరియాలు కలిసినదే త్రికటు చూర్ణం. మిరియాలకు ఆకలి పుట్టించే గుణం, అరిగించే గుణం, కఫాన్ని తగ్గించే గుణం ఉన్నవని ఆయుర్వేదం చెబుతున్నది. అయితే అవి ఉష్ణ వీర్యం కలవి, తీక్షణమైనవి. కడుపులో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారికి మిరియాల చారు కంటే పెసరకట్టు మేలు. పెసరపప్పు మెత్తగా ఉడికించి, పైన తేరిన కట్టు వంచి, ఉప్పు, జీలకర్ర పొడి, కొద్దిగా నేయి కలిపి ఇవ్వాలి. రక్తపు పోటు ఉన్నవారికి ఉప్పు తగ్గించాలి. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం ఉన్నవారికి ఏది పెట్టాలన్నా వైద్యుని అడగాలి. చారు ఆకలిని నిలబెడుతుంది గాని జ్వరాన్ని కుదర్చే మందు కాదు. జ్వరం రెండు మూడు రోజులలో తగ్గకపోయినా, వృద్ధులకు, పసిపిల్లలకు ఆయాసం, మగత వంటివి కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి.

పాఠకులకు నా విన్నపం ఇది. మీ ఇంట్లో పన్నెండు, పదమూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ, ఆడపిల్లా మగపిల్లవాడా అని చూడక, మూడు పథ్యాలు నేర్పండి: గంజి, పెసరకట్టు, మిరియాల చారు. మూడు ఆదివారాలు చాలును. ఆ తరువాత ఇంట్లో ఎవరు ఏది తింటే తేరుకుంటారో, ఎవరికి ఏది పడదో ఒక పుస్తకంలో వ్రాసి పెట్టండి. ఆ పుస్తకంలో మొదటి పుట వంట చేసే మనిషిది కావాలి. ఆమెకు ఇష్టమైన పథ్యం ఏదో మీకు వెంటనే తోచకపోతే, ఆమెనే అడగండి. "నాకేముంది, ఏదైనా తింటాను" అని తప్పించుకుంటుంది. విడువక మరల అడగండి.

ఇరుగుపొరుగున ఎవరైనా పడకేసినట్లు తెలిస్తే ఒక గిన్నెడు చారు పంపించండి. ఖాళీ గిన్నె తిరిగి పంపరాదన్నది మన పెద్దల ఆచారం. మా పిన్నిగారి గిన్నె మా ఇంట రెండు వారాలు ఉండిపోయినది. చివరకు నేను కాచిన చారు అందులో పోసి, నేనే తీసుకొని వెళ్లి ఇచ్చి వచ్చాను.