గోపురం కట్టేవాడి లెక్క

అమెరికాలో ఉన్న కూతురు ఫోన్ చేసి, ‘అమ్మా, ఈ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి నర్సింగ్ చదువుదామనుకుంటున్నా’ అంటే మన విశ్వాసుల ఇళ్ళలో ముందు ఏమంటాం? ‘ప్రార్థన చేద్దాంలే’ అంటాం. ఫోన్ పెట్టేశాక అసలు మాట బయటికొస్తుంది: ‘ఇంత చదివించింది ఇందుకా?’

మాకు తెలిసిన ఒక కుటుంబంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆమెకు 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, డల్లాస్‌లో కాపురం. తండ్రికి జబ్బు చేసినప్పుడు గుంటూరు వచ్చి మూడు వారాలు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుంది. రాత్రి రెండు గంటలకు ఒక సిస్టర్ విసుక్కోకుండా పెద్దాయన పక్క మార్చడం, తల నిమరడం చూసింది. ఆ దృశ్యం ఆమెను వదల్లేదు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మమ్మల్ని అడిగింది: ‘ఇది దేవుని పిలుపా, లేక నా ఉద్యోగం మీద విసుగా?’

మన దేశంలో ఆ ప్రశ్న అంతటితో ఆగిపోయేది. చేతిలో ఏ డిగ్రీ ఉన్నా ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు మొదటి నుంచి చదవాల్సిందే. అమెరికాలో అలా కాదు. వేరే డిగ్రీ ఉన్నవారికోసం సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1971లోనే త్వరగా ముగిసే నర్సింగ్ కోర్సు మొదలుపెట్టింది. ఇప్పుడు అలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో రెండు దారులు. ఒకటి 11 నుంచి 18 నెలల్లో రెండో బ్యాచిలర్స్ డిగ్రీ. రెండోది నేరుగా మాస్టర్స్, దాదాపు మూడేళ్ళు. ఆ సహోదరి మనసు మాస్టర్స్ మీద ఉంది. ఎందుకని అడిగితే కాసేపు ఆలోచించి, ‘మాస్టర్స్ అంటే మావాళ్ళు ఊరుకుంటారు’ అంది.

ఆ జవాబు మమ్మల్ని కలవరపెట్టింది. రెండింటిలో ఏది చదివినా రిజిస్టర్డ్ నర్సు కావడానికి రాయాల్సిన పరీక్ష ఒక్కటే, ఎన్‌క్లెక్స్. కొన్ని మాస్టర్స్ కోర్సులు నర్స్ ప్రాక్టీషనర్ దాకా తీసుకెళ్తాయి. మరికొన్ని పూర్తిచేసినా ఆసుపత్రి వార్డులో మామూలు నర్సుగానే మొదలుపెట్టాలి. అది తెలుసుకోకుండా బంధువుల నోరు మూయించడానికి డిగ్రీ పేరు ఎంచుకుంటే, అప్పు మాత్రం మనకు మిగులుతుంది.

అప్పు సంగతీ చిన్నది కాదు. అక్కడ 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా గ్రాడ్యుయేట్ చదువుల్లో చేరేవారికి ఫీజు మొత్తానికీ దొరికే గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సుకు ప్రభుత్వ రుణం ఏడాదికి 20,500 డాలర్లు దాటదు. ఈ సహోదరికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ మాత్రమైనా దొరుకుతుంది. హెచ్-4 వీసా మీద ఉన్న మన ఆడపిల్లలకు ఆ రుణమూ రాదు. చదువుకోవచ్చు గాని, వర్క్ పర్మిట్ లేకుండా చదివిన పనిలో చేరలేరు. ఇక కోర్సుకు ముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ పూర్తిచేయాలి. కోర్సు నడిచే కాలంలో ఉద్యోగం పెట్టుకోవద్దని చాలా కాలేజీలు ముందే చెబుతాయి. అంటే ఒక జీతం ఆగిపోతుంది.

ఇదంతా లెక్కపెడితే విశ్వాసం తక్కువైనట్టా? గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని అడిగింది ప్రభువే (లూకా 14:28). ఆయన తనను వెంబడించే విషయంలోనే ఆ ఉపమానం చెప్పాడు. అందుచేత లెక్క చూడడం పిలుపును అనుమానించడం కాదు. అలాగని అమెరికా కంపెనీల్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి కాబట్టి దేవుడు ఆసుపత్రికి పంపుతున్నాడనడమూ తొందరపాటే. రోగి పడక దగ్గర పన్నెండు గంటలు నిలబడడం ఎలా ఉంటుందో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఫీజు కట్టకముందే ఆ పని చేయాలని మేము ఆమెతో అన్నాం.

ఫ్లోరెన్స్ నైటింగేల్ కథలో మనం చెప్పుకోని భాగం ఒకటుంది. దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె నమ్మింది 1837లో, పదహారేళ్ళ వయసులో. ఏ సేవకో అప్పటికి తెలియదు. నర్సు పని అని తేలాక ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. 1851లో, 31 ఏళ్ళప్పుడు, జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌కు వెళ్ళి దాదాపు మూడు నెలలు తర్ఫీదు పొందింది. అది ఫ్లీడ్నర్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు 1836లో స్థాపించిన డీకనెస్‌ల సంస్థ. పౌలు తన పత్రికలో పరిచారకురాలని పేర్కొన్న ఫీబే (రోమా 16:1) వరుసలోనివారే ఆ డీకనెస్‌లు. చదువు మూడు నెలలు, దానికోసం ఎదురుచూపు పద్నాలుగేళ్ళు! త్వరిత కోర్సు అనగానే పెదవి విరిచేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. కోర్సు త్వరగా ముగిసినంత మాత్రాన పిలుపు తేలికైపోదు.

ఇక మన సంఘాల సంగతి. అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచిన చరిత్ర మనకు గర్వకారణం. ఆ డాక్టరమ్మ పేరు ప్రసంగాల్లో వినిపిస్తుంది. మిషన్ ఆసుపత్రుల్లో బెడ్‌పాన్లు ఎత్తిన మన అమ్మమ్మల పేర్లు ఏ ప్రసంగంలోనూ రావు. ఆ జీతాలతోనే ఎన్ని ఇళ్ళలో పిల్లలు ఇంజనీర్లయ్యారో మనకు తెలుసు. అదే ఇంజనీరు కూతురు మళ్ళీ నర్సునవుతానంటే మనకు నామోషీ. ఇది మా ఇళ్ళలోనూ ఉంది, ఒప్పుకోవాలి.

ఇంకొకటి. ఆదివారం డ్యూటీ పడిన నర్సును ‘ఆరాధనకు రావడం లేదేం?’ అని గేటు దగ్గరే నిలదీసే పెద్దలున్నారు. ప్రభువు విశ్రాంతిదినాన ఊచచెయ్యి గలవాణ్ణి స్వస్థపరచినప్పుడు (మార్కు 3:1-5) మందిరంలో కూర్చుని కనిపెట్టి చూసినవాళ్ళ వరుసలో మనం చేరకూడదు కదా! అలాంటి సహోదరి కోసం సాయంత్రం ఒక కూటం పెడితే సంఘానికి పోయేదేముంది? పరీక్షల వారం ఆమె పిల్లలకు అన్నం పెట్టే ఇల్లు ఒక్కటైనా ఉండాలి. ఆ మాత్రం చేయకుండా ‘ప్రభువు చూసుకుంటాడు’ అనడం సులువు.

ఆమె ఇంకా ఏ కాలేజీకీ దరఖాస్తు పెట్టలేదు. ఉద్యోగం మానలేదు. శనివారాలు ఇంటికి దగ్గరలోని వృద్ధాశ్రమంలో వాలంటీరుగా చేస్తోంది. పిల్లలను ఆ పూట వాళ్ళ సంఘంలోని ఒక అక్క చూసుకుంటోంది. ఈ మధ్య మైక్రోబయాలజీ క్లాసుకు డబ్బు కట్టింది. మాస్టర్స్ మాట మళ్ళీ ఎత్తలేదు. తల్లి మాత్రం గుంటూరులో బంధువులతో ‘అమ్మాయి ఏదో కోర్సు చేస్తోంది’ అంటోంది. నర్సింగ్ అని ఇంకా చెప్పలేదు.