ఉద్దీపకద్రవ్యము మన యొద్దనే తయారుకావలెను
మేడ్చల్, శామీర్‌పేట మండలముల పౌరులకును, ఇచ్చటి టీకా కర్మాగారములలో పనిచేయువారికిని, ప్రజాప్రతినిధులకును విజ్ఞప్తి

ఇంట బిడ్డకు ఆటలమ్మ పోసినప్పుడు గుమ్మమునకు వేపమండలు కట్టి, పథ్యము నడపి, తలకు నీళ్లు పోసిన పిదప ఆ సంగతి మరచిపోవుట మనకు పరిపాటి. అయితే దానిని కలిగించు వారిసెల్లా జోస్టర్ అను వైరసు, పొక్కులు మానినను దేహమును వీడక, వెన్నెముక కిరుప్రక్కల నుండు నాడీగ్రంథులలో దశాబ్దముల తరబడి దాగియుండి, వార్ధక్యముచేతనో, కాన్సరు చికిత్సచేతనో, మూత్రపిండము మార్పిడి పిమ్మట వాడు మందులచేతనో రక్షణశక్తి సన్నగిల్లిననాడు, ఒకానొక నాడి వెంబడి చర్మమునకు దిగివచ్చి, దేహమున కొక ప్రక్కనే బారుగా పొక్కులు లేపి దుస్సహమగు మంట కలిగించును. దానినే మనవారు సర్పి యందురు. పొక్కులు ఎండినను కొందరు వృద్ధులను ఆ నొప్పి నెలల కొలది, ఏండ్ల కొలది విడువదు.

వయసు మీరినవారి రక్తమున ఈ వైరసునకు ప్రతిదేహములు ఉండియు సర్పి నాపజాలకుండుటయు, రక్షణశక్తికి చెందిన టి-కణముల బలము తగ్గినప్పుడే ఆ వ్యాధి తలయెత్తుటయు గమనించిన శాస్త్రజ్ఞులు, సుమారు 70 జన్యువులు గల ఆ వైరసు ప్రోటీనులలో ఏది ఆ కణములను గట్టిగా మేల్కొల్పునో వెదకి, వైరసు పైపొరయందును, అది సోకిన కణముల మీదను సమృద్ధిగా నుండు ‘గ్లైకోప్రోటీన్ ఇ’ని ఎన్నుకొనిరి. కాని ఒంటరిగా నిచ్చిన ప్రోటీను దుర్బలము. చిలీ దేశమున పెరుగు క్విలాయా చెట్టు బెరడునుండి తీసిన సపోనినును (మన కుంకుడుకాయ నురుగునకు కారణమైన పదార్థములును ఆ జాతివే) ఒక బాక్టీరియా కొవ్వుతో మేళవించిన ఎ.ఎస్.01 అను ఉద్దీపకద్రవ్యమును (టీకాకు దేహపు ప్రతిస్పందనను పెంచు పదార్థమును) జోడించిన మీదటనే, 2015లో ప్రకటితమైన పరీక్షయందు ఆ టీకా 50 ఏండ్లు నిండినవారిని నూటికి 97 పాళ్ల మేర సర్పినుండి కాపాడెను. అంతకుముందున్న సజీవటీకా సాధించినది అందులో ఇంచుమించు సగమే. షింగ్రిక్స్ అను పేర 2023లో మన దేశమునకు వచ్చిన ఈ టీకాను రెండు మోతాదులు వేయించుకొనవలెను. వెల వేల రూపాయలు. వృద్ధాప్య పింఛనుతో బ్రదుకువారి సంగతి వేరుగ చెప్పనేల?

ఆటలమ్మ మాట మరియొకటి. జపాను వైద్యుడు తకహాషి 1974లో వెలువరించిన సజీవటీకా నేటికిని లోకమునకు ఆధారము; మన సార్వత్రిక టీకా కార్యక్రమమున దానికి చోటు లేదు. గర్భిణులకును, రక్షణశక్తి బాగుగా క్షీణించినవారికిని అది ఈయరాదు. వ్యాధి ఎక్కువగా హాని చేయునది వారికే. సజీవ వైరసు లేని ప్రోటీను టీకా అట్టివారికి తగినదని తోచుచున్నను, షింగ్రిక్స్ ఆటలమ్మ నివారణకై అనుమతి పొందినది కాదు. ఆటలమ్మకు అట్టి ప్రోటీను టీకాను పరిశోధించుటకు మన ప్రాంతము అనర్హమా?

కానేరదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారు ఈస్టు కణములలో హెపటైటిస్-బి ప్రోటీనును పండించి, దిగుమతి టీకా వెలను నేలకు దింపినది మేడ్చల్ నుండియే గదా! బయలాజికల్-ఇ వారి కోవిడ్ టీకా కోర్బెవాక్స్ సైతము ఈస్టున పండిన ప్రోటీనే. శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ వారు చేసిన కొవాగ్జిన్ నెరుగనివారు లేరు. కాని కోర్బెవాక్స్‌లోని సి.పి.జి. ఉద్దీపకము అమెరికాలోని డైనవాక్స్‌ది. కొవాగ్జిన్‌లోని ఉద్దీపకాణువు ఆ దేశపు కాన్సస్ రాష్ట్రము నుండి వచ్చినది. 2021 జనవరిలో ఎ.ఎస్.01 గల తన మలేరియా టీకా తయారీని భారత్ బయోటెక్‌నకు అప్పగించిన జి.ఎస్.కె. సంస్థ, ప్రోటీను విద్యను ఇచ్చి, ఎ.ఎస్.01 తయారీని తన చేతిలోనే ఉంచుకొన్నది. ఎవరి సొత్తు వారు కాచుకొనుటను తప్పుపట్టము. మన కొరత యెచ్చట నున్నదో ఇంతకన్న స్పష్టముగ తెలుపు ఉదాహరణము మాత్రము దొరకదు.

కావున మా కోరిక యిది: జీనోమ్ వ్యాలీలో ప్రజాధనముతో ఒక ఉద్దీపకద్రవ్య పరిశోధనాలయము నెలకొల్పవలెను. అది ముందుగా గ్లైకోప్రోటీన్ ఇ మొదలగు ఈ వైరసు ప్రోటీనులను వివిధ ఉద్దీపకములతో జోడించి టి-కణముల ప్రతిస్పందనను కొలిచి, ఫలితములను, అవి అనుకూలములైనను కాకున్నను, ప్రకటింపవలెను. అచ్చట సిద్ధించిన సూత్రము అందుబాటు వెలకు కట్టుబడు ప్రతి తయారీదారునకు లభింపవలెను. కుంకుడు సపోనిను టీకాకు పనికివచ్చునని మేము చెప్పుట లేదు. పరీక్షించి చూడుడని మాత్రమే మా మాట.

ఇది కంపెనీల పని, ప్రభుత్వమున కెందుకు అనువారు కలరు. ఉద్దీపకము తనంతట తాను వాడు మందు కాదు గనుక దానిని అందరికొరకు చేయబూను కంపెనీలు అరుదు. శాంతా సంస్థ పరిశోధన సైతము తొలినాళ్లలో సి.సి.ఎం.బి. వంటి ప్రభుత్వ పరిశోధనాలయము నీడనే సాగెను. జీనోమ్ వ్యాలీకి ప్రభుత్వము అండ నిచ్చినది; ఇప్పుడు ప్రజలకు కావలసిన విద్యకును ఆ అండనే యడుగుచున్నాము.

చదివినవారు ఈ కోరికను తమ మాటలలో తమ శాసనసభ్యునికిని, లోకసభ సభ్యునికిని ఉత్తరముగా వ్రాసి పంపుడు. రానున్న వార్డుసభలో తీర్మానముగ ప్రతిపాదింపుడు. ఇంట 50 ఏండ్లు దాటినవారున్నచో సర్పి టీకాను గూర్చి మీ వైద్యుని సంప్రదింపుడు.