గోటితో పోయే పనికి గొడ్డలెందుకు?

చలికాలం వచ్చిందంటే చాలు, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో అహోబిలం ప్లాన్లు మొదలవుతాయి. నవ నారసింహ క్షేత్రాలు చుట్టిరావాలి, ఉగ్రస్తంభం ఎక్కాలి, వీలైతే పావన నరసింహస్వామి గుడి దాకా అడవిలో నడవాలి. బూట్లు, బ్యాగు, టార్చి కొన్నాక ఈమధ్య జాబితాలో ఇంకోటి చేరుతోంది. అది పెద్ద కత్తి. మడతపడనిది, పది అంగుళాల అలుగు, వెన్ను మీద రంపం పళ్లు, నడుముకు కట్టుకునే ఒర. ఆన్‌లైన్‌లో దాని పేరు 'సర్వైవల్ నైఫ్'.

'ఏది కొంటే మంచిది?' అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. 'దాంతో మనకు పనేముంది?' అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ముందు అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకైతే అది ఇంకా ముఖ్యం. ఎందుకో చివర్లో చెప్తాను.

పనిని బట్టే కత్తి

ప్రపంచంలో మంచి కత్తులన్నీ ఏదో ఒక పనిలోంచి పుట్టినవే. మలేసియా తడి అడవుల్లో తీగలు, పొదలు నరకడానికి పరాంగ్ వచ్చింది. లాటిన్ అమెరికా చెరకు తోటల్లో పల్చటి, పొడవాటి మాచెటె నిలిచింది. నేపాల్ కొండల్లో ఇంటి పనికీ, పొలం పనికీ ఖుక్రీ ఉంది. చెక్కపనికి పేరున్న స్వీడన్‌లో మోరా కత్తి అలుగు దాదాపు నాలుగు అంగుళాలే.

మరి మన నల్లమల? ఇది ఆకు రాల్చే పొడి అడవి. మద్ది, చిరుమాను, వెదురు ఉన్న అడవి. తేనె తీసి, వెదురు కొట్టి బతికే చెంచులకు కత్తి, గొడ్డలి రోజువారీ పనిముట్లు. నరసింహస్వామికి పిల్లనిచ్చినవాళ్లుగా చెప్పుకునే ఆ చెంచులక్ష్మి వారసుల చేతిలో పెద్ద కత్తికి అర్థం ఉంది. ఉదయం ఎక్కి సాయంత్రం దిగే మనకు దాంతో నరికే పనేదీ తగలదు. భవనాశి వాగు రాళ్ల మీద అడుగు జారకుండా చూసుకోవడమే మన పని. తాడు కోయాలి, పండు కోయాలి, కట్టుగుడ్డ చింపాలి. వీటన్నిటికీ మూడు, నాలుగు అంగుళాల కత్తి సరిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు ఊరికే అనలేదు.

పైగా బండరాళ్లు పట్టుకుని ఎక్కేటప్పుడు నడుముకు వేలాడే పెద్ద కత్తితో ముప్పు మనకే. పడితే ఒర చీల్చుకుని తొడలో దిగొచ్చు.

సినిమా కత్తి, కొలిమి కత్తి

1982లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఫస్ట్ బ్లడ్'లో రాంబో కత్తిని చూసి ప్రపంచమంతా మోజు పడింది. గుల్ల పిడి, అందులో అగ్గిపుల్లలు, మూతకు దిక్సూచి. దానికి చవక నకళ్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. పిడి గుల్ల కావడంతో గట్టిగా నాలుగు దెబ్బలు వేస్తే చాలా నకళ్లలో అలుగు ఊడి వస్తుంది. వెన్ను మీది పళ్లు చూడ్డానికే తప్ప కొమ్మ కోయడానికి పనికిరావు.

నిజంగా పెద్ద కత్తి కావాల్సినవాళ్లూ ఉంటారు. సొంత తోట ఉన్నవాళ్లు, అడవి శాఖ పనిమీద తిరిగేవాళ్లు. వాళ్లు చూడాల్సినవి ఇవీ:

అలుగు, పిడిలోకి వెళ్లే ఇనుము ఒకే ముక్క అయి ఉండాలి. ఆ ఇనుము పిడి చివరిదాకా రావాలి. దీన్నే ఫుల్ ట్యాంగ్ అంటారు. వెన్ను నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటే ఎండు కట్టెను తట్టుకుంటుంది. నరికే కత్తికి మరీ గట్టి ఉక్కు వద్దు, అంచు పెట్లిపోతుంది. కాస్త సాగే గుణం ఉండాలి. కార్బన్ స్టీలు తేలిగ్గా సానకు వస్తుంది, కాకపోతే తుప్పు పడుతుంది. వాడాక తుడిచి నూనె రాస్తే చాలు. పిడి తడి చేతిలోనూ జారకూడదు. ఒరలో కత్తి కదలకూడదు.

ఇవన్నీ తెలిసిన మనిషి మీ ఊళ్లోనే ఉండొచ్చు. లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి కొడవలి చేసే కమ్మరిని అడగండి. ఏ పనికి ఎంత బరువుండాలో చేత్తో ఎత్తి చూపిస్తాడు. ఆన్‌లైన్ ఫొటోకి ఆ విద్య లేదు.

పాముకీ, ఎలుగుకీ కత్తి మందు కాదు

'అడవి కదా, రక్షణకు ఉండాలి' అంటారు. నల్లమలలో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న మాట నిజమే. కానీ ఎలుగుకు కత్తి అందేంత దగ్గరికి వెళ్తే ఆట అప్పటికే అయిపోయినట్టు. గుంపుగా, మాట్లాడుకుంటూ, వెలుతురుండగా నడవడమే రక్షణ. పాము కరిచినచోట కత్తితో కోసి విషం తీయడం పాత సినిమాల వైద్యం. కోస్తే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ అదనం. కదలకుండా ఉంచి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చేయాల్సింది.

అసలు చిక్కు ఇక్కడ

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లో 'ఆయుధం' నిర్వచనంలో కత్తులు పేరుపెట్టి మరీ ఉన్నాయి. సెక్షన్ 31 ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదు. నల్లమలలో పెద్ద భాగం అభయారణ్యం, టైగర్ రిజర్వు. ఎక్కడ రిజర్వు ఫారెస్టు ముగుస్తుందో, ఎక్కడ అభయారణ్యం మొదలవుతుందో కాలిబాట మీద గీత గీసి ఉండదు. చిన్న కత్తి సంగతి కూడా చెక్‌పోస్టులో ముందే చెప్పి, వద్దంటే అక్కడే వదిలేయండి. రిజర్వు ఫారెస్టులో చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం ఎలాగూ నేరమే.

ఇంకోటి ఆయుధాల నిబంధనలు–2016. 9 అంగుళాలు మించిన పొడవో, 2 అంగుళాలు మించిన వెడల్పో ఉన్న కత్తులు అందులో ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. పొలంలో రైతు చేతిలో కొడవలిని ఎవరూ అడగరు. రాత్రి బస్సులో మీ బ్యాగులో పది అంగుళాల కత్తి దొరికితే 'ట్రెక్కింగ్ సార్' అన్న జవాబు ఎంతవరకు నిలుస్తుంది? వేటకొడవళ్ల కథలు విన్న సీమలో పోలీసుకు అనుమానం రావడం వింతేం కాదు.

ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, పెండింగ్ కేసుల గురించి అడుగుతారు. ఆ సమాచారం నిజమై ఉండాలనీ, దాచకూడదనీ అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చిన్న కేసైనా వివరణలు, వాయిదాలు, ఆలస్యం తప్పవు. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కో ఏళ్ల తరబడి చదివి, ఒక సెల్ఫీ కత్తి కోసం అంత రిస్కు అవసరమా?

కొనేముందు ఒక కాగితం మీద ఆ కత్తితో చేయబోయే మూడు పనులు రాయండి. మూడూ దొరికితే కమ్మరి దగ్గరికి వెళ్లండి. దొరక్కపోతే ఆ డబ్బుతో మంచి గ్రిప్పున్న బూట్లు కొనండి. ఉగ్రస్తంభం ఎక్కించేవి అవే.