ఒత్తిడి సరే, పగ్గం ఎవరి చేతిలో?

మన ఆఫీసుల్లో "స్ట్రెస్" అన్న మాట అరిగిపోయినంతగా ఇంకే మాటా అరిగిపోలేదనుకుంటా. బిల్డు ఫెయిలైతే స్ట్రెస్సు, అప్రైజల్ దగ్గరపడితే స్ట్రెస్సు, ఆఖరికి శనివారం ఏ సినిమాకి వెళ్లాలో తేలకపోయినా స్ట్రెస్సే. విరుగుడు కూడా తయారుగానే ఉంటుంది. హెచ్చార్ వాళ్లు ఓ మెడిటేషన్ యాప్ ఇస్తారు, నెలకోసారి యోగా క్లాసు పెడతారు. దాంతో తీరేది కాదని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. అందుకని మనం కిందకి దిగి, టీ కొట్టు దగ్గర మన యోగా మనం చేసుకుంటాం. ఒక టీ, ఒక దమ్ము.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒత్తిడి గురించి మొదట అడగాల్సింది "ఎలా తట్టుకోవాలి?" అని కాదు. "ఇందులో మార్చగలిగింది ఎంత, అది ఎవరి చేతిలో ఉంది?" అని. ఈ ప్రశ్న అడక్కుండా ఇచ్చే సలహాలన్నీ, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా నుదుటిమీద తడిగుడ్డ వేయడం లాంటివి. కాసేపు హాయిగానే ఉంటుంది, కాదనను.

ఈ ఆలోచనకి కారణం మా సింగరాయకొండ అమ్మాయి. వరసకి చెల్లెలు, సైకాలజీలో పీజీ చేస్తోంది. ఒత్తిడి, దాన్ని జనం తట్టుకునే తీరు, ఆ తట్టుకోవడంలో అలవాటయ్యే తిండి, నిద్ర, సిగరెట్టు, మందు... ఇవీ తన ఆసక్తులు. "అన్నయ్యా, మీ ఐటీ వాళ్లని కొంతమందిని అడగొచ్చా?" అంది. "అడుగమ్మా, కష్టాలు చెప్పుకోమంటే మావాళ్లు క్యూ కడతారు" అన్నాను. తను పంపిన కాగితాల్లో పది ప్రశ్నల కొలబద్ద ఒకటి ఉంది. షెల్డన్ కోహెన్, మరికొందరు 1983లో తయారుచేసిందట, మొదట్లో పధ్నాలుగు ప్రశ్నలుండేవి. నేను ఊహించింది ఎన్ని గంటలు పనిచేస్తారు, బాస్ ఎలాంటివాడు లాంటివి. అవేవీ లేవు. అందులో అడిగేది ముఖ్యంగా మూడు సంగతులు. అనుకోనివి ఎంత తరచుగా మీదపడుతున్నాయి? మీ పనులు మీ అదుపులో ఉన్నట్టు అనిపిస్తోందా? మోయలేనంత పేరుకుపోయిందా? అంటే ఒత్తిడిని కొలవాలనుకున్నవాళ్లు మన దగ్గర ఎంత పని ఉందని అడగడం లేదు, పగ్గం ఎవరి చేతిలో ఉందని అడుగుతున్నారు.

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే ఇద్దరు 1984లో వేసిన పుస్తకంలో ఈ తట్టుకోవడాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి, సమస్య మీదే పనిచేయడం. రెండోది, సమస్య వల్ల మనలో పుట్టిన గుబులు మీద పనిచేయడం. రెండూ అవసరమే. ఇంట్లో పెద్దాయనకి నయంకాని జబ్బు చేస్తే అక్కడ మార్చడానికి ఏమీ ఉండదు, గుండె దిటవు చేసుకోవడమే పని. అలాంటప్పుడు ధ్యానమో, పూజో, నలుగురితో మాట్లాడుకోవడమో, ఏదైనా మంచిదే. కానీ మార్చగలిగిన చోట కూడా గుండె దిటవు చేసుకుంటూ కూర్చుంటే సమస్య అలాగే ఉంటుంది, గుండె మాత్రం అరుగుతుంది. వచ్చిన చిక్కంతా ఇక్కడే.

ఇది పుస్తకాల్లో కంటే మావైపు పొగాకు చేలల్లో బాగా కనిపిస్తుంది. సింగరాయకొండ అంటే చాలామందికి హైవే మీద వచ్చే ఊరు, కొండమీద నరసింహస్వామి గుడి, కాస్త ముందుకెళ్తే పాకల బీచి. చుట్టుపక్కల టంగుటూరు, కొండపి, కందుకూరు అంటే మాత్రం వర్జీనియా పొగాకు. ఆకు కోశాక కర్రలకి అల్లి బ్యారన్‌లో వేలాడదీస్తారు. కింద మంట పెట్టి అయిదారు రోజులు వేడిని కొంచెం కొంచెంగా పెంచుతూ ఆరబెడతారు. ఆ రాత్రుళ్లు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కాపలా ఉండాలి. వేడి అటూఇటూ అయిందా, ఆకు రంగు పోతుంది, ధర పోతుంది. మన ప్రొడక్షన్ సపోర్టు నైట్ షిఫ్టు లాంటిదే, కాకపోతే దీనికి షిఫ్ట్ అలవెన్సు ఉండదు.

అయినా ఆ నిద్రలేని రాత్రుళ్ల గురించి రైతులు ఏడవగా నేను పెద్దగా వినలేదు. శ్రమే, కానీ మంట వాళ్ల చేతిలో ఉంది. ఏడుపంతా వేలం కేంద్రం దగ్గర. బ్యారన్‌కి ఇన్ని కిలోలని నిర్ణయించేది 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడ్డ పొగాకు బోర్డు. ధర పాడేది కంపెనీల కొనుగోలుదార్లు. బేలు నచ్చకపోతే నోబిడ్, మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. అప్పు వడ్డీ మాత్రం నోబిడ్ అవదు. ఓసారి ఊళ్లో ఒకాయన్ని "ఎంత పలికింది బాబాయ్?" అని అడిగితే "పలకడమా అబ్బాయా, పలకరించిన నాథుడే లేడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

2015లో పొగాకు ధర పడిపోయినప్పుడు ప్రకాశం, పశ్చిమగోదావరి జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఒక మనిషి అంతదూరం వెళ్లడానికి ఒక్కటే కారణం ఉండదు, నిజమే. కానీ అప్పటి ఆ రైతు దగ్గరికెళ్లి "దీర్ఘంగా శ్వాస తీసుకోండి" అని చెప్పగలమా? చెబితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. 2020 జులైలో ధరలు లేక వేలం చప్పబడితే రాష్ట్రప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ని వేలంలోకి దించింది. 2025లో నల్ల బర్లీ కొనడానికి కంపెనీలు వెనకాడితే మళ్లీ మార్క్‌ఫెడ్డే కొనాల్సి వచ్చింది. ఆ కొనుగోళ్లు సరిపోయాయా, ఎవరికి చేరాయి అన్న గొడవ వేరే. నేను చెప్పొచ్చేదేమంటే, అవి కూడా ఒత్తిడికి చేసిన వైద్యమే. ఆ రైతుకి అంతవరకూ తెలిసిన మందులన్నిటికంటే, పాట పాడేవాడు ఇంకొకడు రావడం పెద్ద మందు.

పరిస్థితిని మారిస్తే ప్రాణాలు నిలుస్తాయనడానికి ఇంకా గట్టి రుజువు పక్కనే ఉంది. శ్రీలంకలో 1995 ప్రాంతంలో ఆత్మహత్యలు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉండేవి. ఆ ఏడు మొదలుపెట్టి వాళ్లు అతి విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అక్కడి జనానికి మనోనిబ్బరం ఒక్కసారిగా పెరిగిందా? లేదు. ఆ చెడ్డ ఘడియలో చేతికందేది మారింది, అంతే.

ఇక మన సంగతికొద్దాం. రైతుతో పోలిస్తే మన కష్టం కష్టమేనా అంటారేమో. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, నిజమే. కానీ శరీరానికి ఈ లెక్కలు తెలియవు. బ్రిటన్‌లో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో 10,308 మంది ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లంతా నెల జీతగాళ్లే, చలవ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. వాళ్లలో తమ పని మీద తమకి అదుపు తక్కువగా ఉన్నవాళ్లకి గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. "పైవాడికే టెన్షన్లు ఎక్కువ" అని మనం అనుకునేదానికి ఇది పూర్తిగా రివర్సు. గంటల లెక్క కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చినదాని ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2023లో నారాయణమూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు కదా, ఆ లెక్క పక్కన ఈ లెక్క పెట్టుకుని చూడండి. వారానికి 60 గంటలు పనిచేయించి ఇరవై నిమిషాల మెడిటేషన్ ఇవ్వడమంటే, మెమరీ లీకవుతున్న ప్రోగ్రాముని వదిలేసి మానిటర్ తుడవడమే.

ఇప్పుడు దమ్ము దగ్గరికి. మనం టెన్షన్ తగ్గడానికని కాల్చే సిగరెట్టులో ఉన్నది మావైపు రైతు టెన్షన్ పడి పండించినట్టి ఆకే. ఒకరి గుబులుని ఇంకొకరు పొగచేసి పీలుస్తున్నారన్నమాట. పోనీ దానివల్ల టెన్షనైనా తగ్గుతోందా అంటే, అదీ లేదు. నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడుకి చేరుతుంది, దాదాపు రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. పడిపోయేకొద్దీ చిరాకు, కుదురు లేకపోవడం మొదలవుతాయి. ఇంకోటి ముట్టిస్తే తగ్గుతాయి. తగ్గింది ఏమిటి? పాత సిగరెట్టు పెట్టిన చిరాకు. డెడ్‌లైను అక్కడే ఉంది. రెండు గంటలకోసారి సర్వర్ని రీస్టార్ట్ చేసే క్రాన్ జాబ్ ఒకటి ఉందనుకోండి. దానివల్లే సర్వర్ నడుస్తోందని అందరూ మెచ్చుకుంటున్నారు. లోపల చూస్తే మెమరీ తినేస్తున్నది ఆ జాబే. సిగరెట్టు కథ అచ్చం ఇదే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాల్ని కలిపి చూశారు. మానేసినవాళ్లలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి, మానని వాళ్లతో పోలిస్తే తగ్గాయి. "మానేస్తే పిచ్చెక్కుతుంది" అన్నది మొదటి కొన్ని వారాల మాట.

"అయితే పొగాకు వెయ్యడం ఆపేయమంటావా?" అని ఊరివాళ్లు అడుగుతారు. అంత తేలిగ్గా నేను అనలేను. నాతోసహా, టంగుటూరు వేలంలో అమ్మిన బేళ్లతో బీటెక్ ఫీజులు కట్టించుకున్నవాళ్లం ఎంతమందిమి లేం? నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న నేలలో అంతే డబ్బు తెచ్చే పంట చూపించకుండా మానెయ్యమనడం కూడా ఉత్త "శ్వాస తీసుకోండి" సలహానే. మానెయ్యడం అనే మాట ముందు కాల్చేవాడికి చెప్పాలి, పంట మారడానికి దారి ప్రభుత్వం చూపాలి.

"యోగాని ఎందుకు ఆడిపోసుకుంటావు, నాకు పనిచేసింది" అనే మిత్రులు కూడా ఉన్నారు. పనిచేస్తే చెయ్యండి బాబూ, నాకేం అభ్యంతరం? నా పేచీ యోగాతో కాదు, దాన్ని చూపించి మిగతా లెక్క ఎగ్గొట్టేవాళ్లతో.

మరి ఏం చెయ్యాలంటారా? ఈసారి ఎంప్లాయీ సర్వేలో "మీ ఒత్తిడి తగ్గడానికి ఏం కావాలి?" అని అడిగితే టేబుల్ టెన్నిస్ అని రాయకండి. ఆన్‌కాల్ వంతులు ముందుగా తెలియాలనీ, శుక్రవారం సాయంత్రం రిలీజులు వద్దనీ, ఎస్టిమేట్లు వేసేటప్పుడు పని చేసేవాణ్ణి కూడా అడగాలనీ రాయండి. ఒక్కరు రాస్తే కంప్లయింటు, టీములో పదిమందీ రాస్తే అది ఓ లెక్క. మీరే లీడ్ అయితే సర్వే దాకా ఆగక్కర్లేదు, వచ్చే స్ప్రింటులోనే మొదలుపెట్టొచ్చు. టీ బ్రేకు మాత్రం మానకండి, అందులో ఒంటికి మంచిచేసేది ఆ నడకా, పక్కవాడితో మాటా. సిగరెట్టు మానాలనుకునేవాళ్లకి పెట్టె మీదే నంబరు ఉంటుంది, 1800-11-2356, డబ్బులు పడవు. మీకో, మీవాళ్లకో బతుకే భారమనిపిస్తుంటే 2022లో మొదలైన టెలిమానస్‌కి 14416 నొక్కండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఊళ్లో వ్యవసాయం చేస్తున్న నాన్నో, బాబాయో, మావయ్యో ఉంటే ఈ వారం ఫోనులో "ఆరోగ్యం జాగ్రత్త" అనడంతో సరిపెట్టకండి. అప్పు ఎంతుంది, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అని అడగండి. వడ్డీవ్యాపారి బాకీని బ్యాంకు లోనులోకి మార్చే కాగితాల పని మనకి ఓ రెండు సాయంత్రాలు. ఆయనకి అది మూడేళ్ల నిద్ర.