లెక్కల కోసం సంగీతమా?

బడిలో సంగీతం ఉండాలని వాదించేవాళ్లు కూడా ఈమధ్య ఎందుకో మొహమాటపడుతూ మాట్లాడుతున్నారు. పాటలు నేర్పితే లెక్కలు బాగా వస్తాయట, ఏకాగ్రత పెరుగుతుందట, మెదడు చురుగ్గా ఉంటుందట. సంగీతానికి శత్రువుల కంటే ఈ మిత్రులే ఎక్కువ చేటు చేస్తున్నారని నా ఫిర్యాదు.

1993లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోట్సార్ట్ విన్నాక ఒక రకం తెలివితేటల పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంటకి మించి నిలవలేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్, పుట్టే ప్రతి బిడ్డకీ సంగీతం వినిపించడానికి 1,05,000 డాలర్లు అడిగాడు. దేనికి? టీచర్లకి కాదు, సీడీలకి! మార్కుల కోసమే సంగీతం అన్నాక ఇలాగే అవుతుంది. అంతకంటే చవగ్గా మార్కులొచ్చే దారి దొరికిన రోజున దాన్ని పక్కన పెట్టేస్తారు. లెక్కలే కావాలంటే ఇంకో లెక్కల పీరియడ్ పెడితే పోలా?

మన దగ్గరైతే కోత కోయాల్సిన అవసరం కూడా రాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వందకి మించితే కళావిద్యకి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలంటుంది. పార్ట్‌టైమ్! పైగా కళ అంటే బొమ్మలు, పాట, ఆట, నాటకం అన్నీ కలిపి ఒకే పద్దు. ఒక డ్రాయింగ్ మాస్టారుంటే చట్టం ప్రకారం అంతా సక్రమమే. ఇక పాట నేర్పే టీచర్ ఎక్కడైనా ఉన్నా, రిటైరయ్యాక ఆ ఖాళీ నింపకపోతే చాలు. టైంటేబుల్‌లో ఆ గడి రివిజన్‌కి పోతుంది. జీవో అక్కర్లేదు, ధర్నా జరగదు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, పనికొచ్చేదాన్ని ఎవరూ కావాలని తీసెయ్యరు. పట్టించుకోవడం మానేస్తారు, కొన్నాళ్లకి అదే ఆగిపోతుంది.

దీనివల్ల ఏం పోయిందో సాహిత్యం చదివే మనకి తెలియాలి. ఉత్పలమాలకి భ-ర-న-భ-భ-ర-వ, పదో అక్షరం యతి అని బట్టీపట్టి, గురువులూ లఘువులూ గుర్తించి మార్కులు తెచ్చుకున్న తరం మనది. మనలో ఎంతమంది ఆ పద్యాన్ని క్లాసులో ఒక్కసారైనా రాగం తీసి పాడాం? చెవికి అందాల్సినదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టించి, తీరా ఇప్పుడు 'ఈ తరానికి పద్యం పట్టదు' అని వ్యాసాలు రాసుకుంటున్నాం. (ఇలాంటి పత్రికల్లోనే.) యాభైమంది పిల్లలు ఒకే శ్రుతిలో పాడాలంటే ప్రతివాళ్లూ పక్కవాళ్ల గొంతు వినాలి. బడిలో రోజు మొత్తం మీద అలా వినాల్సి వచ్చే పీరియడ్ ఇంకోటి ఏదీ?

ఆసక్తి ఉన్నవాళ్లు బయట నేర్చుకుంటారు కదా అంటారు. ఎవరు? విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా మహారాజు సంగీత పాఠశాల పెట్టారు. ఘంటసాల అక్కడ మధుకరం ఎత్తుకుంటూ చదువుకున్న కథని అందరూ పట్టుదలకి ఉదాహరణగా చెబుతారు. నాకైతే రెండు సంగతులు కనిపిస్తాయి. ఆ బడంటూ ఉంది కాబట్టే ఆ పట్టుదలకి ఒక చిరునామా దొరికింది. ఇంకోటి, ఆ రోజుల్లో ఏ కులం పిల్లాడైనా జోలె పట్టుకుని వెళ్తే ఇళ్లల్లో మధుకరం పెట్టేవారా? ఫీజు కట్టగలిగినవాళ్లు ఇవాళ కూడా నేర్చుకుంటూనే ఉన్నారు. బడి ఉండాల్సింది మిగతావాళ్ల కోసం.

సంగీతమంటే సరళీ స్వరాలేనా అని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. డప్పు, ఒగ్గు కథ, బుర్రకథ కూడా బడికి రావాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారి గురించి తెలంగాణ ఎనిమిదో తరగతి పుస్తకంలో పాఠం పెట్టారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని వార్తల్లో చూశాం. ఆయన గురించి పిల్లలు చదవచ్చు, పరీక్ష రాయచ్చు. ఆ కిన్నెర క్లాసులో మోగాలంటే మాత్రం వాయించేవాళ్లకి డిగ్రీ కావాలి!

ఈసారి డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో మ్యూజిక్ టీచర్ పోస్టులు ఎన్నున్నాయో వెతకండి. మీ జిల్లాకి ఎన్నొచ్చాయో, అర్హతల గడిలో ఏం రాశారో చూడండి. చూసి ఊరుకోకుండా మీ ఎమ్మెల్యేనీ, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీనీ అడగండి. లెక్కల ఊసెత్తకుండా అడగండి.