పైకి కనిపించని దెబ్బ

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. హైదరాబాద్‌లో చదువుకుంటూ రగ్బీ ఆడుతున్నాడు. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో, హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు తరఫున విదేశీయులు ఆడటం టీవీలో చూశాడు. తానూ అలాగే పరాయి దేశం వెళ్ళి ఆడాలని పట్టుదల. మొన్న ప్రాక్టీసులో ఎదుటివాడి మోకాలు తలకు తగిలింది. స్పృహ తప్పలేదు గాని, ఆట ఎంతవరకు వచ్చిందో చెప్పలేకపోయాడు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. తల నొప్పిగా ఉందని చెల్లెలితో అన్నాడట. మాతో మాత్రం బాగానే ఉన్నానంటున్నాడు. పది రోజుల్లో జట్టు ఎంపిక. పంపవచ్చునా?
- ఒక తండ్రి, ఎంకపల్లి (రంగారెడ్డి జిల్లా)

జవాబు: పంపవద్దు. ఎంపిక తేదీ దగ్గర పడినందున మీకు పోస్టులో విడిగా రాశాము. ఆటలాడే పిల్లలున్న మిగతా తల్లిదండ్రుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

మీ అబ్బాయి లక్షణాలు 'కంకషన్' అనే స్థితిని సూచిస్తున్నాయి. గిన్నెను కుదిపితే లోపలి పెరుగు కదిలినట్టు, దెబ్బకు పుర్రె లోపల మెదడు కుదుపుకు గురవుతుంది. కంకషన్ అయినవారిలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరుగుడును చూపుతుంది. ఈ కుదుపును చూపదు. కనుక స్కాన్ బాగుందని మైదానంలోకి దిగకూడదు. మెదడు కోలుకోక ముందే మరో దెబ్బ తగిలితే బాధ నెలల తరబడి సాగవచ్చు. అరుదుగా ప్రాణానికే ముప్పు రావచ్చు.

స్టీవ్ థాంప్సన్ సంగతి మీ అబ్బాయికి చెప్పండి. 2003లో ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండ్ జట్టులో ఆయన ఆడాడు. మెడ దెబ్బతో 2007లో విరమించి కూడా, తిరిగి ఫ్రాన్స్‌లోని బ్రీవ్ క్లబ్బు తరఫున బరిలోకి దిగాడు. 42 ఏళ్ల వయసులో, 2020లో, తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని వెల్లడించాడు. ఆ కప్పు గెలిచిన రోజే తనకు గుర్తు లేదన్నాడు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలే కారణమని ఆయన వాదన. ఒక్క దెబ్బతో ఇలా అవుతుందని మీరు భయపడనక్కరలేదు. దాచిపెట్టి ఆడటమే ప్రమాదం.

ఇక చేయవలసినవి: మొదటి రెండు రోజులు విశ్రాంతి. ఇంట్లో మెల్లగా నడవవచ్చు. సెల్‌ఫోను, టీవీ బాగా తగ్గించాలి. నొప్పికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. మొదటి రోజు ఒంటరిగా వదలకండి. తర్వాత ముందు చదువు, ఆ పైన నడక, పరుగు, చివరికి ఆట. బాధ తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి రావాలి. బ్రిటన్‌లో 2023లో వెలువడిన సూచనల ప్రకారం, కంకషన్ తర్వాత కనీసం 21 రోజులు పోటీల్లో ఆడకూడదు. ఆ పైన కూడా బాధలేవీ లేకుండా, డాక్టరు సరేనన్నాకనే దిగాలి. కబడ్డీ ఆడే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

మాటిమాటికీ వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత, ఫిట్స్, మాట తడబాటు, కాలో చెయ్యో పట్టు తప్పడం, చెవి లేదా ముక్కు నుంచి నీరు కారడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అబ్బాయిని కోప్పడకండి. నిజం చెబితే ఆట మాన్పిస్తారన్న భయంతోనే పిల్లలు దాస్తారు. "మాన్పించము, మూడు వారాలు ఆపుతాము" అని చెప్పండి. కోచ్‌కు మీరే ఉత్తరం రాయండి. ఈ ఎంపిక పోతే మరొకటి వస్తుంది.